కుదుపు లేని పొయ్యి

నవంబరు 3, 1983

బడిలో ఇచ్చిన ఈ డైరీలో ఇన్నాళ్ళూ పిల్లల మార్కులే రాశాను. ఇవాళ్టి నుంచి నా గోడు రాసుకుంటాను. ఇంట్లో మనిషి ఉండీ లేనట్టే ఉంటే ఇక కాగితమే దిక్కు.

మా ఆయన్ని ఇంజిన్ మీద నుంచి దింపేశారు. కళ్ళ పరీక్షలో తప్పారు. నరం దెబ్బతింది, రంగులు సరిగా ఆనడం లేదు అని డాక్టరు రాశాడు. ఖరగ్‌పూర్‌లో కృపారావు డ్రైవరంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిరి బండి పాసింజరుని టాటానగర్ దాకా నూనె మీద జారినట్టు తీసుకెళ్ళే మనిషని పేరు. ఆయనకి రంగులు తెలియవట.

బదులుగా రన్నింగ్ రూమ్‌లో కేర్‌టేకర్ పని ఇస్తామన్నారు. వేరే ఊళ్ళ నుంచి బండ్లు తెచ్చిన డ్రైవర్లు, బొగ్గు వేసే ఫైర్‌మెన్లు తిని పడుకునే చోటు అది. జనవరి రెండున చేరాలి. చేరనని, మళ్ళీ పరీక్ష పెట్టమని పట్టుబడితే ఆ ఖాళీ వేరేవాళ్ళకి పోతుంది. ఆ పరీక్ష కూడా తప్పితే అదీ లేదు, ఇదీ లేదు. మాకు పిల్లలు లేరు. నా పంతులమ్మ జీతం మీద ఇద్దరం బతకగలం. కానీ ఆయన ఇంట్లో కూర్చుని బతకగలరా అన్నది నాకు తెలియదు.

"నా కింద బొగ్గేసినోళ్ళకి నేను దుప్పట్లు పరవాలా? ఆ డాక్టరుకేటి తెలుసు, ఎప్పుడైనా ఇంజినెక్కినాడేటి?" అన్నారు. అనేసి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం లేచి గాలికి వెళ్ళారు.

నవంబరు 5

అన్నం సగం వదిలేశారు. గాలికి వెళ్ళారు.

నవంబరు 9

పక్క క్వార్టర్ దాలమ్మ గోడ మీద నుంచి తల పెట్టింది. ఆమె మొగుడు నూకరాజు ఈయన దగ్గరే ఫైర్‌మెన్‌గా చేశాడు. ఇప్పుడు ఇంకో డ్రైవరు దగ్గర బొగ్గు వేస్తున్నాడు.

"టీచరమ్మా, అన్న రోజూ పొద్దుగూకేవేళ లైను పక్కకే పోతన్నాడంట. మా ఆయన సూసినాడంట. నానేటీ అన్ను గానీ, ఓ కన్నేసి ఉంచమ్మా."

"రైల్వే ఊళ్ళో లైను పక్కకి కాక ఇంకెక్కడికి పోతారు? గోదారి గట్టుకా?" అని కసురుకున్నాను. దాలమ్మ ఏమీ అనుకోలేదు. అనుకుంటే బాగుండేది.

ఆయన గాలికే వెళ్తున్నారు. అంతకన్నా ఏమీ లేదు. లోపలికొచ్చి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

నవంబరు 13, ఆదివారం

ఇవాళ చర్చి నుంచి వచ్చి ఫాదర్ గారి సూప్ మొదలుపెట్టాను. మామూలుగా అయితే అది క్రిస్మస్‌కే. ఈసారి ముందే ఎందుకంటే, కొత్త వాసన ముక్కుకి తగిలితే అయినా ఆ గోడ వదులుతారేమోనని.

మా అమ్మ ఏలూరు దగ్గర మిషన్ బంగళాలో వంట చేసేది. అక్కడి ఫాదర్ గారు ఇటలీ ఆయన. వాళ్ళ దేశంలో చలికాలం తెల్ల చిక్కుడు గింజలతో, మాంసం ఉండలతో చిక్కటి సూప్ కాచుకుంటారట. అదే ఒక పూట భోజనం. మా అమ్మకి ఆయన చెప్పిన గింజలు దొరక్క బొబ్బర్లు వేసింది. ఆయన ఎండు ఆకులేవో చెబితే పెరట్లో వాము ఆకు తుంచి వేసింది. ఫాదర్ గారు మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారని మా అమ్మ చచ్చేదాకా చెప్పుకుంది. ఆ వంట నాకు ఆస్తిగా వచ్చింది. ఏటా మా ఆయన రెండు గరిటెలు తిని "బావుంది" అనేవారు, రైలు టైముకి వచ్చిందని చెప్పినట్టు.

బొబ్బర్లు రాత్రే నానబెట్టాను. ఉల్లిపాయ, వెల్లుల్లి, క్యారట్ వేయించి, గింజలు పోసి బొగ్గుల పొయ్యి మీద పెట్టాను. ఎంతసేపటికీ ఉడకలేదు. నేను విసనకర్రతో విసురుతున్నాను, పొగ వస్తోంది, కళ్ళు మండుతున్నాయి. వెనక నుంచి గొంతు వినిపించింది.

"నిప్పు సస్తంది."

తిరిగి చూస్తే ఆయన. పది రోజులుగా మంచం దిగి వంటింటి గడప దాకా రాని మనిషి.

"ఒకేపాలి గంపడు బొగ్గు గుమ్మరించీసినావు. మరి ఊపిరాడొద్దేటి దానికి? లే."

పీట మీద నుంచి నన్ను లేపి తాను కూర్చున్నారు. పైన ఉన్న బొగ్గు పట్టకారుతో తీసి పక్కన పెట్టారు. అడుగున బూడిద దులిపారు. ఎక్కడ నిప్పు తెల్లగా వెలుగుతోందో అక్కడ చిన్న ముక్క, ఇంకో చోట ఇంకో ముక్క, అంతే. విసనకర్ర అటక మీద పెట్టేయమన్నారు. కాసేపటికి పొగ లేదు. పొయ్యి సన్నగా బుసకొట్టడం మొదలుపెట్టింది. ఆయన తల పక్కకి వంచి ఆ చప్పుడు విన్నారు. నేను ఆ తల వంపు చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పని చేస్తుండగా చూడటం నాకు ఇదే మొదటిసారి. ఇంజిన్ మీద ఆడవాళ్ళకి చోటేది?

గింజలు మెత్తబడ్డాయి. నేను ఉండలు చేద్దామని ఖీమా తీస్తే, "ఇటు తే. నువ్వు సేసేవి ఇడిపోతాయి" అన్నారు.

"మీకేం తెలుసు?"

"ఎన్నిసార్లు సేసినాన్లే."

అప్పుడు బయటపడింది. ఇంజిన్‌లో నిప్పుల తలుపు మీద నూనె డబ్బాలు వెచ్చబెట్టుకునే అర ఒకటి ఉంటుందట. మూత బిగించిన డబ్బాలో బొబ్బర్లు పోసి దాని మీద పెడితే ఝార్‌గ్రామ్ దాటేసరికి మెత్తబడతాయట. ఘాట్‌సిలాలో ఉండలు వేస్తే టాటా చేరేసరికి సూప్. ఎన్నో ఏళ్ళుగా, నెలకి రెండు మూడుసార్లు, మా అమ్మ సూప్, నాకు తెలియకుండా!

గోడ అవతల నుంచి నూకరాజు గొంతు కలిపాడు. "నిజమేనమ్మా. దాని కోసం నాను డ్యూటీ మారిపించుకునీవోడిని."

మా వాము ఆకు తరచూ మాయమైతే దాలమ్మ మేకని ఎన్ని తిట్లు తిట్టానో.

నవంబరు 14

నాతో ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళు. ఏటా క్రిస్మస్‌కి నా ఎదుట కూర్చుని "బావుంది" అంటూ, మనసులో తన డబ్బా సూప్‌తో పోల్చుకుంటూ తిన్నారన్నమాట.

ఆయన గాలికి వెళ్ళారు. వచ్చాక, "వచ్చే ఆదివారం నేను వండుతాను" అన్నారు. కోపం పోలేదు. కానీ ఖీమా ఎంత కావాలని అడిగాను.

నవంబరు 20, ఆదివారం

రాయడానికి కూడా నవ్వొస్తోంది.

ఆయన వండారు. నిప్పు ముందు ఆయన్ని చూస్తే నాకు ముచ్చటేసింది, దాచుకోవడం దేనికి. ఉల్లిపాయ తరగడం రాదు, బొగ్గు కొట్టినట్టు కొట్టారు. కానీ ఆ మంటని చెప్పుచేతల్లో పెట్టుకోవడం! గింజలు పోసినప్పుడు పెద్దగా, పొంగు వచ్చాక సన్నగా. మూత తీసి చూడను కూడా లేదు. చప్పుడు మారగానే చేయి బొగ్గు దగ్గరికి పోతుంది. మా బడిలో సంగీతం మేష్టారు హార్మోనియం ముందు కూర్చున్నప్పుడు అలా ఉంటాడు.

ఉండలు వేశారు. మూత పెట్టారు. చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఇద్దరికీ ఒకేసారి వాసన తగిలింది. గబుక్కున మూత తీస్తే అడుగంతా మాడి బొగ్గయిపోయింది.

"కలపలేదా?" అన్నాను.

"కలపడమేటి?" అన్నారు.

నేను ఆయన మొహం చూశాను, ఆయన నా మొహం చూశారు. అప్పుడు అర్థమైంది. ఆ మనిషి తన జన్మలో సూప్ కలిపి ఎరగరు. ఇంజిన్ పట్టాల మీద ఊగుతూ, కుదుపుతూ పోతుంటే డబ్బాలో సూప్ దానంతటదే కలిసేది. మా ఇంటి పొయ్యి ఎక్కడికీ పోదు కదా!

ఉండలూ అంతే. కుదుపుకి విడిపోకుండా పిడికిట్లో బిగించి బిగించి చేయడం అలవాటు. ఇంటి సూప్‌లో అవి గోళీకాయల్లా ఉన్నాయి. పన్ను దిగలేదు. ఒకటి జారి కింద పడి దొర్లుకుంటూ గడప దాటింది.

నేను నవ్వాను. నవ్వి, నాలిక కరుచుకున్నాను. ఆయన కూడా నవ్వారు. అక్టోబరు తరవాత ఇవాళే.

నవంబరు 21

గిన్నె ఇంకా తోముతూనే ఉన్నాను.

నవంబరు 26

రేపటి వంటకి గోల్‌బజార్ నుంచి టమాటాలు ఆయనే తెచ్చారు. సగం పచ్చికాయలు. అమ్మినవాడు మోసం చేశాడు. ఈ గోల్‌బజార్ వాళ్ళు పైన పళ్ళు పేర్చి అడుగున కాయలు కలిపేస్తారు. ఎవరినైనా మోసం చేస్తారు.

ఆయన గాలికి వెళ్ళినప్పుడు దాలమ్మ దగ్గర పళ్ళు తీసుకుని బుట్టలో మార్చాను. పచ్చివి ఆమెకిచ్చాను, పచ్చడికి.

నవంబరు 27, ఆదివారం

ఈసారి ఉండలు మరీ వదులుగా చేశారు. గరిటె పెట్టి ఇంజిన్ చక్రం తిప్పినట్టు తిప్పారు. ఒక్క ఉండ మిగల్లేదు. మాంసం గంజి అయింది. అయినా తిన్నాం, రొట్టె నంజుకుని. రుచి బాగుంది. మా అమ్మ రుచి అందులో ఎక్కడో ఉంది, నా చేతిలో ఎప్పుడూ రానంత.

టమాటాలు వేసేముందు ఒకటి వెలుతురుకి పెట్టి, "బాగా ఎర్రగున్నాయి" అన్నారు.

"అవును" అన్నాను. మార్చిన పళ్ళే కాబట్టి అది అబద్ధం కాదు.

ఉండలు వేయించేటప్పుడు, "ఎర్రబడినాయి కదా?" అన్నారు. ఇంకా ఎర్రబడలేదు. "అవును" అన్నాను. సూప్‌లో ఎలాగూ ఉడుకుతాయి.

డిసెంబరు 2

ఇవాళ బడి నుంచి ఇంటికి రాకుండా కూరల సంచీతో ఆయన వెనకాలే వెళ్ళాను. దాలమ్మ మాట పట్టించుకుని కాదు. ఊరికే.

సాలువా వైపు పోయే దారిలో రైలు గేటు ఉంది. గేట్‌మన్ పేరు దేముడు, మనవాడే, పలాస దగ్గర ఊరు. అతని గుమటీ గది పక్కన బల్ల మీద ఈయన కూర్చున్నారు. నేను ఆగిన ఎడ్లబండి వెనక నిలబడ్డాను. రైలు వచ్చే వేళ. పట్టాలు ఆయనకి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

చీకటి పడుతోంది. దూరంగా సిగ్నల్ దీపం వెలిగింది.

"పచ్చ" అన్నారు ఆయన, గట్టిగా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

"అవును బాబూ" అన్నాడు దేముడు.

దీపం ఎర్రగా ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. రక్తంలా ఎర్రగా ఉంది.

ఆయన లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, సంతోషంగా ఇంటి దారి పట్టారు. నేను దేముడి దగ్గరికి వెళ్ళాను.

"రోజూ ఇంతేనమ్మా. వచ్చి సిగ్నల్ సెప్పుతారు. కొన్నిసార్లు సరిగ్గానే సెప్పుతారు. తప్పు సెప్పినా నాను సరే అంటాను. ఏటి సెయ్యమంటారు? కాదంటే ఆ మొగం సూడలేనమ్మా."

అతన్ని నాలుగు మాటలు అనాలనుకున్నాను. కానీ నేను మాత్రం ఏం చేస్తున్నాను? గోల్‌బజార్‌లో టమాటాలు అమ్మినవాడు ఏ మోసమూ చేయలేదు.

నేను భయపడింది దీనికి కాదు. దేనికో ఈ పుస్తకంలో కూడా రాయలేదు. ఆయన రైలు కింద పడతారేమోనని భయపడ్డాను. అది కాదని తెలిసి దారంతా దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చాక కొత్త భయం పట్టుకుంది. ఆయన మళ్ళీ పరీక్షకి చదువుకుంటున్నారు. దేముడూ నేనూ కలిసి ఆయనకి తప్పు పాఠం సరైనదని దిద్దిపెడుతున్నాం.

డిసెంబరు 4

మళ్ళీ పరీక్ష కావాలని అర్జీ పెట్టాలి, ఇంగ్లీషులో రాసివ్వమన్నారు. క్రిస్మస్ లోపల ఇవ్వాలట.

ఇంకు అయిపోయిందన్నాను.

డిసెంబరు 7

ఇంకు తేవడం మరిచిపోయానన్నాను.

డిసెంబరు 11, ఆదివారం

ఇవాళ కుదిరింది.

ఉండలు అరచేతిలో ఎంత తేలిగ్గా చుట్టారో! పాలలో నానిన రొట్టె, గుడ్డు, మిరియాలపొడి, సన్నగా తరిగిన వాము ఆకు ఖీమాలో కలిపి, పిడికిలి బిగించకుండా, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని చుట్టారు. బొగ్గు పట్టి కాయలు కాసిన ఆ చేతులకి అంత మెత్తదనం ఉందని నేను అనుకోలేదు.

పొయ్యి ముందు నిలబడి కలిపారు. కూర్చోలేదు. చెక్క తెడ్డు అడుగుకి తాకించి, నెమ్మదిగా, అంచు వెంబడి ఒకసారి, మధ్యలోంచి ఒకసారి. ఉండలకి తగలకుండా వాటి పక్క నుంచి తెడ్డు పోతుంది. అడుగున ఏమైనా అంటుకుంటోందా అని చేతితోనే తెలుసుకుంటున్నారు. నేను పావుగంట కలిపితే నడుం పట్టుకుంటాను. ఆయన సూప్ దించేదాకా కదల్లేదు. జీవితమంతా ఊగే పలక మీద నిలబడ్డ మనిషి, కదలని నేల మీద అలా నిలబడటం నేర్చుకున్నారు. మూడు ఆదివారాల్లో. నేను మా బడి డ్రాయింగ్ మేష్టారితో పదేళ్ళుగా పడుతున్నాను, ఒక్క అలవాటు మాన్పించలేకపోయాను.

పాలకూర చివర్లో వేసి దించారు. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాను. మా అమ్మ గుర్తొచ్చి కాదు, నిజంగా బాగుండి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

"అర్జీ రాసినావా?" అన్నారు, నేను తింటుండగానే.

డిసెంబరు 18, ఆదివారం

మొత్తం రాస్తాను. ఒక్క ముక్క మరిచిపోకూడదు.

ఇవాళ నూకరాజుని, దాలమ్మని భోజనానికి పిలిచారు. ఆయనే పిలిచారు. పొద్దున్నే నిప్పు వేశారు. బొబ్బర్లు ఉడుకుతున్నాయి. పక్కన మూకుడులో ఉండలు వేయిస్తున్నారు.

"ఎర్రబడినాయి కదా?" అన్నారు.

అవును అనబోయాను. ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది. కానీ ఆ ఎర్ర దీపం కళ్ళ ముందు కనిపించింది, "పచ్చ" అని ఆయన గొంతు వినిపించింది.

"లేదు" అన్నాను.

"ఏటి?"

"లేదండీ. ఇంకా పచ్చిగానే ఉన్నాయి."

మూకుడు చిటపటలాడుతోంది. ఆయన బుట్టలోంచి ఒక టమాటా తీశారు. నిన్న ఆయన తెచ్చినవే, ఈసారి నేను మార్చలేదు.

"ఇది?"

"పచ్చికాయ."

ఇంకోటి తీశారు. "ఇది?"

"పండింది."

రెండూ రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళారు. వెలుతురులో ఎంతసేపు చూశారో.

"నాకు రెండూ ఒకటే, ఆలిస్. తడిసిన మట్టి రంగు" అన్నారు.

ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. డాక్టరుతో అనలేదు, నాతో అనలేదు, దేవునితోనైనా అన్నారో లేదో.

"ఎన్నాళ్ళ నుంచి అవునంటన్నావు?"

"మొదటి నుంచీ."

"దేముడు?"

"అతనూ."

మూకుడు ఎత్తి పెరట్లోకి విసిరేస్తారనుకున్నాను. నిజంగానే ఒక్క గుంజు గుంజి పొయ్యి మీంచి దించారు. దించి, అలా పట్టుకుని నిలబడి, మళ్ళీ మెల్లగా పొయ్యి మీద పెట్టారు. మాంసం ఇంకా పచ్చిగా ఉందని చెప్పాను కదా.

"సిగ్నల్ కనపడగానే డ్రైవరు రంగు కేకెయ్యాల" అన్నారు, ఉండలు తిరగేస్తూ. "ఫైర్‌మెన్ కూడా తల బయటకెట్టి సూసి కేకెయ్యాల. రెండు కేకలూ ఒకటైతేనే బండి ముందుకి. డ్రైవరు తప్పు కేకేస్తే కాదనాల ఆడు. ఎంత సిన్నోడైనా సరే, కాదనాల. అది ఆడి పని."

"అవును."

"నూకరాజు కాదన్నాడు. శ్రావణమాసంలో, గిధ్నీ కాడ. నేను పచ్చ అన్నాను, ఆడు ఎరుపు అన్నాడు. నేను ఆడిని అమ్మనాబూతులు తిట్టినాను. ఆడు పలక్కుండా వచ్చి బ్రేకు మీద సెయ్యేసినాడు. బండి ఆగినాది. ఎదర ఇంకో బండున్నాది, ఆలిస్. నా ఎనక బోగీల్నిండా జనం."

పీట మీద కూర్చుండిపోయాను. నూకరాజు ఇన్నాళ్ళూ గోడ అవతలే ఉన్నాడు. ఒక్క మాట ఎవరితోనూ అనలేదు, దాలమ్మతో కూడా.

"ఆడికి నా మీద భయం లేదేటి? ఉన్నాది. అయినా కాదన్నాడు. మరి నువ్వెందుకు అన్లేదు?"

"మీ మొహం చూడలేక."

"నా మొగం సూడకు. టమాటా సూడు" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఆయన తెడ్డు నా చేతికిచ్చి, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. నేను అడుగంటకుండా కలుపుతూ ఉన్నాను.

"ఆ అర్జీ రాయకు" అన్నారు తువ్వాలు లోంచే.

"ఇంకు లేదని చెప్పాను కదా."

"ఇంకు సీసా నిండుగున్నాది. అది నాకు కనపడతాది. నలుపే కదా."

ఆ తరవాత ఇద్దరం కలిసి వండాం. ఆయన అడుగుతారు, నేను చూసి చెబుతాను, ఆయన ఆ మాట మళ్ళీ పైకి అంటారు. "పండింది." "పండింది." "ఎర్రబడ్డాయి." "ఎర్రబడ్డాయి." మొదట్లో గొణిగినట్టు చెప్పాను. పాలకూర దాకా వచ్చేసరికి బడిలో ఎక్కాలు చెప్పించే నా గొంతు నాకు వచ్చేసింది.

నూకరాజు మూడు గరిటెలు తిన్నాడు. దాలమ్మ, "ఓలమ్మో, ఇదేటి సూపు, దీని ముందు పులుసులేటికి పనికొస్తాయి!" అంది.

"ఇంజిన్ మీదదే బావుండేది ఉస్తాద్" అన్నాడు నూకరాజు, తల వంచుకుని.

ఆయన నూకరాజు గిన్నెలో ఇంకో గరిటె పోశారు.

"బావుండేది రా" అన్నారు. "గిధ్నీ కాడ నిన్ను తిట్టినాను. తప్పు నాది."

నూకరాజు చెంచా పెట్టేసి చేత్తో గిన్నె ఎత్తి తాగాడు. మొహం కనపడకుండా.

డిసెంబరు 19

పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళి దేముడికి ఒక గిన్నెడు సూప్ ఇచ్చి వచ్చారట. ఏమన్నారని అడిగితే, "ఆడి మొగం మీద పెట్టి అబద్ధాలకోరు అన్నాను. ఆడు సూప్ తాగుతా అవునన్నాడు" అన్నారు.

డిసెంబరు 25

క్రిస్మస్. నేను పులావు చేశాను, ఆయన సూప్ చేశారు. చర్చి వాళ్ళు పదిమంది వచ్చారు. పులావు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఫరవాలేదు.

డిసెంబరు 31

జనవరి రెండు గురించి ఆయన ఏమీ అనడం లేదు. నేనూ అడగడం లేదు. ఉతికిన చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను, చూసీ చూడనట్టు వదిలేశారు. ఒప్పుకోవడం వేరు, ఆ గదిలోకి అడుగు పెట్టడం వేరు. తన కింద పని నేర్చుకున్నవాళ్ళ ఎదుట నిలబడాలి. నేనైతే నిలబడగలనా అని ఆలోచించాను. నిలబడలేను.

జనవరి 2, 1984

వెళ్ళారు.

నేను బడికి పోయాను కానీ పాఠం ఒక్కటీ చెప్పలేదు. పిల్లల్ని చూచిరాత రాయమని కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి నూకరాజు మా అరుగు మీద ఉన్నాడు. ఉస్తాద్ మొదటి రోజు ఎలా ఉందో చూద్దామని రన్నింగ్ రూమ్‌కి వెళ్ళి వచ్చాడట. నిలబడే చెప్పాడు.

టాటా వాళ్ళు, బాలాసోర్ వాళ్ళు ఏడెనిమిది మంది దిగి ఉన్నారట. అక్కడి పద్ధతి ప్రకారం ఎవరి బియ్యం, ఎవరి కూరలు వాళ్ళు మూట కట్టి తెచ్చుకుంటారు, వంటవాడు ఎవరిది వాళ్ళకి విడిగా వండిపెడతాడు. ఇవాళ వంటవాడు ఆలస్యం చేశాడు. డ్రైవర్లు ఆకలి మీద ఉన్నారు. ఈయన్ని చూసి అందరూ లేచి నిలబడ్డారు, ఒక్కడికీ నోరు పెగలదు. తమ మూటలు ఉస్తాద్ చేతికి ఎలా ఇవ్వడం? ఆ మౌనం చూసి నూకరాజుకి పారిపోదామనిపించిందట.

ఈయన తువ్వాలు నడుముకి బిగించి, నిప్పు సరిచేసి, మొదటి మూట విప్పారట. అందులో టమాటాలు. ఒకటి తీసి, గదిలో అందరికీ కనపడేలా పైకి ఎత్తి పట్టుకున్నారట. ఎదురుగా ఉన్నవాడు ఒకప్పుడు ఈయన ఇంజిన్ కింద బూడిద లాగినవాడు, ఇప్పుడు డ్రైవరు.

"ఒరే, నాకు రంగులు తెల్దు. అందుకే దింపీసినారు. ఇది పండిందా, కాయా? కేకెయ్" అన్నారట.

ఆ కుర్రాడు అటెన్షన్‌లో నిలబడి, "పండింది ఉస్తాద్" అని కేక వేశాడట.

"పండింది" అని ఈయన కోయడం మొదలుపెట్టారట. ఆ తరవాత ఒక్కొక్కరే మూటలు తెచ్చి ఆయన ముందు పెట్టారట.

చెప్పి నూకరాజు గోడ దాటి వెళ్ళిపోయాడు. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆయన నడిపిన ప్రతి బండి మీదా నాకు గర్వం ఉండేది. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎన్నోసార్లు ఆ ఇంజిన్ కేసి చూసి మురిసిపోయాను. ఇవాళ అంతకన్నా పెద్ద పని చేశారు, అది చూడటానికి నేను అక్కడ లేను. టమాటా ఎత్తి పట్టుకున్న ఆ చేతిని ఒక్కసారి చూసి ఉంటే చాలు. ఇంత మనిషితో కాపురం చేస్తున్నానని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. అందుకే ఏడుస్తున్నాను.